పొద్దుగూకేలోపే రిపేరు

ఇల్లు అద్దెకివ్వడం ఒక విద్య అని నేను చాలామందికి పాఠాలు చెప్పాను. అడిగినవాళ్ళకి చెప్పాను, అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చెప్పాను. కొత్తగా ఫ్లాటు కొని అద్దెకిద్దామనుకున్న మా చెల్లెలు, మా ఆడపడుచు, మా ఆయన ఫ్యాక్టరీ స్నేహితులు, అందరూ ఒకసారి నా ఎదురుగా కూర్చుని బుద్ధిగా తలలూపి వెళ్ళినవాళ్ళే. వచ్చే మనిషి మాటతీరు చూసుకోమనేదాన్ని. కాగితం రాసుకోకుండా తాళం ఇవ్వద్దనేదాన్ని. ఇచ్చాక మాత్రం అది వాళ్ళిల్లే, మాటిమాటికీ వెళ్ళి తొంగిచూడకూడదు, రెండో తాళంచెవి కూడా మన దగ్గర ఉంచుకోకూడదు, అలా ఉంచుకునేవాళ్ళు దొంగలతో సమానం అనేదాన్ని. ఇక అన్నిటికంటే పెద్ద సూత్రం ఒకటుంది. పొద్దున చెప్పిన ఫిర్యాదు పొద్దుగూకేలోపు తీరిపోవాలి. అలా తీరిస్తే అద్దెకున్నవాళ్ళు పదేళ్ళయినా కదలరు.

మాది రెండంతస్తుల ఇల్లు, నాలుగు వాటాలు. కింద ఒక వాటాలో మేముంటాం. మా ఆయన ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, చేతికొచ్చినదంతా ఈ గోడల్లో పోశారు. ఉద్యోగం వదిలాక ఊరుకోగలిగిన మనిషి కాదు. జేబులో పెన్ను లేకపోయినా స్క్రూడ్రైవర్ ఉంటుంది. అద్దెకున్నవాళ్ళు వెనకాల ఆయన్ని స్క్రూడ్రైవర్ గారనీ, నన్ను ఇన్‌స్పెక్టరమ్మ అనీ అంటారని నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టుండేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకు ఇష్టమే.

ఫిర్యాదులు వినడం నా పని, తీర్చడం ఆయన పని. కుళాయి కారుతోందన్నా, గడియ పట్టేసిందన్నా ముందు నా చెవిన పడాలి. నేను ఆయనకి చెబుతాను. మధ్యాహ్నం భోజనంచేసి లేచేసరికి ఆయన నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవారు. ప్లంబర్లనీ, ఎలక్ట్రీషియన్లనీ పిలవడం ఆయనకి నామోషీ. రేపొస్తామని వారం తిప్పుతారు, గోడంతా తవ్వి పోతారు, మనమే చేసుకుంటే పోయేదేముంది అనేవారు. నేనూ వత్తాసు పలికేదాన్ని.

మా నెత్తిన, పై వాటాలో ఒక మాస్టారూ ఆయన కోడలూ ఉండేవారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, భార్య లేదు. కొడుకు ఎక్కడో వంతెనల పనిలో సైట్లు పట్టుకుని తిరుగుతాడు, రెండు నెలలకోసారి వచ్చి నాలుగు రోజులుండి పోతాడు. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఏవో పోటీ పరీక్షలకి చదువుకుంటోంది, లెక్కలు మామగారే చెబుతారు. సాయంత్రం అయితే చాలు, పైన మామాకోడళ్ళ దెబ్బలాట. ఆమె తప్పు చేసిందని ఆయన, ఆయన తొందరపెట్టారని ఆమె. చివరికి ఇద్దరూ నవ్వుకోవడం కిందికి వినిపించేది. సొంత తండ్రీకూతుళ్ళు కూడా అంత చనువుగా ఉండరు. కూతురు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా మాస్టారు వెళ్ళలేదు, ఈ పిల్ల దగ్గరే ఉంటానన్నారు.

మాస్టారికి స్నానం అంటే పెద్ద కార్యక్రమం. పీట వేసుకుని కూర్చుని, వేడినీళ్ళు పోసుకుంటూ రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టి పంతొమ్మిదో ఎక్కం దాకా పైకి చదువుతారు. వాళ్ళ స్నానాలగది సరిగ్గా మా స్నానాలగది మీదే కనక గొట్టాల వెంట ఆ గొంతు కిందికి దిగేది. నాకు గడియారం అక్కర్లేదు. ఏడో ఎక్కం అంటే పాలు పొంగుతాయి, పన్నెండో ఎక్కం అంటే బట్టలు నానబెట్టాలి.

ఆ రోజు నేను బట్టలు నానబెడుతున్నాను. మా పక్క వాటాలో ఉండే బస్సు డ్రైవరు వాళ్ళ కుళాయికి వాషరు కొనడానికి మా ఆయన బజారుకెళ్ళారు. పైన పదమూడో ఎక్కం నడుస్తోంది. పదమూడైదులు అరవై ఐదు, పదమూడారులు, అని ఆగిపోయింది.

సబ్బు కళ్ళలో పడిందేమో అనుకున్నాను. చొక్కా ఒకటి పిండేదాకా ఆగాను. గొంతు రాలేదు, నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. అదే నాకు నచ్చలేదు. చెంబుడు నీళ్ళు ఎక్కువ పోయినా కోడల్ని మందలించే మనిషి కుళాయి ఊరికే వదిలేయడు. మెట్లెక్కి వెళ్ళి గంట కొట్టాను, తలుపు బాదాను, మాస్టారూ అని పిలిచాను. ఫోను చేస్తే లోపల మోగుతూనే ఉంది. కోడలు అప్పటికే పనికి వెళ్ళిపోయింది. లాగితే దానంతటదే తాళం పడే తలుపది. రెండు తాళంచెవులూ నేనే, గొప్పగా, ఆమె చేతిలో పెట్టాను.

కిందికి పరుగెత్తాను. పక్క వాటా డ్రైవరు తెల్లవారుజామున బస్సు దిగి వచ్చి పడుకున్నాడు. వాళ్ళావిడ తట్టి లేపితే కళ్ళు నులుముకుంటూ గునపం పట్టుకుని నా వెనకాలే వచ్చాడు. తలుపు ముందు నిలబడి మాత్రం తటపటాయించాడు. అది నేను ఏరికోరి చేయించిన టేకు తలుపు. నన్నడగకుండా గోడకి మేకు కొట్టాడని ఆరునెలల కిందట అతనికి చీవాట్లు పెట్టింది కూడా నేనే.

"పాడైపోద్దమ్మా," అన్నాడు.

"కొట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది," అన్నాను.

నాలుగు దెబ్బలకి తాళం ఊడింది. లోపల ఇల్లు చక్కగా సర్దినట్టుంది, ఏ వాసనా లేదు. అది చూసి ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది కూడా. స్నానాలగది తలుపు తోస్తే కొంచెం కదిలి ఆగిపోయింది. లోపల గడియతోపాటు కిందేదో మెత్తగా అడ్డుపడుతోంది. డ్రైవరు భుజంతో రెండుసార్లు గుద్దాడు. తలుపుతో పాటు ఒక పాత దుప్పటి చుట్ట వెనక్కి జరిగింది. చలిగాలి తగలకుండా ఎవరో చుట్టి తలుపు కింద కుక్కినట్టుంది.

మాస్టారు పీట మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే గోడకి ఒరిగి ఉన్నారు. ముఖం ఎర్రగా ఉంది, ఎప్పటికంటే ఆరోగ్యంగా కూడా ఉంది. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. గోడకున్న గ్యాస్ గీజర్లో మంట భుగభుగమంటోంది, వేడినీళ్ళు ధారగా పోతున్నాయి. డ్రైవరు ఆయన చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చాడు. నేను కుళాయి కట్టేశాను, మంట ఆరిపోయింది. అప్పటికే నాకూ తల దిమ్మెక్కినట్టయింది. గాలి కోసం తలెత్తి పైన కిటికీ వైపు చూశాను.

చూడగానే నాకంతా తెలిసిపోయింది. కిటికీలోంచి తెల్లటి వెలుతురు పడుతోంది. గాలి మాత్రం రవ్వంత కూడా రావడం లేదు.

మూడేళ్ళ కిందట ఆ వాటాలో ఒక కుట్టుమిషన్ ఆవిడ ఉండేది. పావురాలు స్నానాలగది కిటికీలోంచి దూరి గూళ్ళు పెడుతున్నాయని ఒక రోజు పొద్దున్నే నాతో చెప్పింది. ఆ సాయంత్రానికల్లా మా ఆయన పక్కసందులో నిచ్చెన వేసి, కిటికీకి బయటినుంచి పాలరంగు ప్లాస్టిక్ షీటు బిగించి, చుట్టూ జిగురు పట్టించేశారు. వెలుతురు ఆగదు, పావురం రాదు అని మురిసిపోయారు. ఇక మొన్న, పన్నెండు రోజుల కిందట, పాత కరెంటు గీజర్ మాటిమాటికీ ఫ్యూజు కొట్టేస్తోందని కోడలమ్మాయి చెప్పింది. మామగారు చన్నీళ్ళు పోసుకుంటున్నారని బాధపడింది. ఆ రోజే పొద్దుగూకేలోపు గ్యాస్ గీజర్ తెచ్చి ఆయనే బిగించారు. నేను స్టూలు పట్టుకున్నాను.

రెండూ మంచి పనులే. రెండు ఫిర్యాదులూ నాకే చెప్పారు. ఆయన చేతులతో చేసే మనిషి, చేసింది అక్కడే మర్చిపోతారు. గుర్తుంచుకోవలసిందాన్ని నేను.

అంబులెన్సు వచ్చేలోపు కిటికీలన్నీ తెరిచి, మాస్టారిని వరండాలో పడుకోబెట్టి అరికాళ్ళు రుద్దాం. ఊపిరి ఉంది, పలుకు లేదు. ఆసుపత్రిలో ఆయన ముఖానికి ఆక్సిజన్ పెట్టి లోపలికి తీసుకుపోయారు. నేను బయట బెంచీ మీద కూలబడ్డాను. మా ఆయనకి ఫోను చేసి ఇలా జరిగిందని చెప్పాను. ఆయన కిటికీ, అని ఆగిపోయారు. ఔనన్నాను. ఫోను పెట్టేశారు.

కోడలమ్మాయి దుకాణంలోంచి అలాగే పరుగెత్తుకొచ్చింది, పేరున్న బిళ్ళ మెడలోనే ఉంది, కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డ ముక్క చేతిలోనే ఉంది. డాక్టరమ్మ బయటికొచ్చి, గ్యాస్ మంట గాలిని తినేసి, వాసన తెలియని విషం వదులుతుందనీ, తలుపులన్నీ బిగించి ఉన్న గదిలో అది మనిషిని కూర్చోబెట్టే తీసుకుపోతుందనీ చెప్పింది. గదిలో గాలి వచ్చే దారేమీ లేదా అని అడిగింది.

కిటికీ ఉందండీ, ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అంది కోడలమ్మాయి. ఇంతలో ఆమె ముఖం మారిపోయింది. రెండు రోజుల్నుంచీ చలి ఎక్కువైందనీ, మామగారు వణుకుతున్నారనీ, తలుపు కింద సందులోంచి గాలి కొడుతుంటే పాత దుప్పటి చుట్టి ఇచ్చి కాలితో తోసుకోమన్నాననీ చెప్పింది.

"అదే అయుండొచ్చు," అంది డాక్టరమ్మ. "ఆ సందొకటి ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

నేను అక్కడే ఉన్నాను. దుప్పటి సంగతి అబద్ధం కాదు. పది రోజులు ఆయన్ని కాపాడింది ఆ తలుపు కింద సందే. ఆ కిటికీ మూసేసి ఉందమ్మా, మూసింది మేమే, అని ఆ పిల్లకి చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట మాత్రం, కూర్చోమ్మా, కాసిని మంచినీళ్ళు తాగు, అని. ఇల్లు కళ్ళ ముందు కదిలింది. కేసు, పోలీసులు, ఖాళీ వాటాలు, వీధిలో నలుగురి గుసగుసలు. లోపల మాస్టారు బతుకుతారో లేదో తెలియకుండా నేను నా గోడల గురించి ఆలోచించాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పదకొండు గంటలకి మాస్టారి కొడుకు ఫోను చేశాడు. కోడలమ్మాయి బెంచీ మీద నా పక్కనే కూర్చుని మాట్లాడింది. అతని గొంతు పెద్దది, ప్రతిమాటా నాకు వినిపిస్తూనే ఉంది. ఏం జరిగిందో ఆమె దాచలేదు, దుప్పటి నేనే పెట్టానని చెప్పింది.

"గ్యాస్ మంట పెట్టుకుని తలుపు సందులు కుక్కుతారా ఎవరైనా? చదువుకుంటున్నావు, ఏం చదువది?" అన్నాడు అతను. "మా అక్క చెబుతూనే ఉంది నాన్నని పంపించమని. నీ చేతిలో పెట్టాను చూడు, నన్ననాలి. రాత్రికి బయల్దేరుతున్నా. బతికుంటే అక్క దగ్గర దింపేస్తా."

ఆమె ఊఁ, ఊఁ అంటూ ఆ గుడ్డ ముక్కని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. ఫోను పెట్టేశాక, నన్ను చూసి, ఆయనన్నదాంట్లో తప్పేముంది పిన్నిగారూ, అంది. పైగా మీ తలుపు కూడా విరగ్గొట్టాల్సి వచ్చింది, బాగు చేయించి ఇస్తాం, ఏమీ అనుకోకండి, అంది.

నా తల తీసేసినట్టయింది. అప్పుడైనా చెప్పాలి. నేనేమో ఆమె వీపు నిమురుతూ, తలుపుదేముందమ్మా, అన్నాను. ఎంత పెద్దమనసో కదా నాది.

రెండు గంటలకి డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మాస్టారు కళ్ళు తెరిచారని, పేరు చెప్పగలిగారని, కోడలేదని అడిగారని చెప్పింది. రెండ్రోజులు కనిపెట్టి చూడాలిగానీ గండం గడిచిందంది. కోడలమ్మాయి గోడ పట్టుకుని నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు సగం మాస్టారి కోసమే. మిగతా సగం, ఇక చెప్పక్కర్లేదు అనే సంతోషం. బతికారు కదా, అయిపోయింది కదా అనుకున్నాను.

మాస్టారి బట్టలూ మందుల చీటీలూ ఇంటినుంచి తెస్తానని లేచాను. ఆమె సంచీలోంచి తాళంచెవి తీసి ఇవ్వబోయి, ఇక దాంతో తెరవడానికేమీ లేదని గుర్తొచ్చి ఆగింది.

ఇంటికొచ్చేసరికి మా వాటా తెరిచే ఉంది, ఆయన లేరు. మెట్ల దగ్గర ఉండే నిచ్చెన కూడా లేదు. పక్కసందులోంచి గీకుతున్న చప్పుడు వస్తోంది. వెళ్ళి చూస్తే ఆయన నిచ్చెన మీద పై కిటికీ దగ్గర ఉన్నారు. షీటు సగం ఊడింది. బ్లేడుతో జిగురు కోస్తున్నారు. కింద ఒక బకెట్, బ్రష్షు, గోడకి కొట్టిన రంగే డబ్బాలో కలిపి సిద్ధంగా ఉంది.

సందులో నేల ఎగుడుదిగుడు, నిచ్చెన ఊగుతోంది. అలవాటు కొద్దీ వెళ్ళి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఆయన నిచ్చెనెక్కితే కింద నేను పట్టుకోని రోజు లేదు. పట్టుకున్నాక తెలిసింది, నేను ఏం చేయడానికి సాయం పడుతున్నానో.

ఎలా ఉన్నాడాయన అని పైనుంచి అడిగారు. కళ్ళు తెరిచారన్నాను. ఆయన కాసేపు నిచ్చెన మెట్టుకి నుదురు ఆనించుకుని ఉండిపోయారు. తర్వాత మళ్ళీ బ్లేడు పెట్టారు.

"పొద్దున్నుంచీ డ్రైవరు ఇక్కడే తిరుగుతున్నాడు. పడుకోడానికి పోయాడిప్పుడే," అన్నారు మెల్లగా. "ఇది తీసేసి రంగేస్తే ఆనవాలు కూడా ఉండదు. నువ్వు నోరు విప్పకు."

"ఆ పిల్ల తనవల్లే జరిగిందనుకుంటోంది."

"దుప్పటి పెట్టింది కదా. పెట్టకపోతే ఏమీ అయ్యేది కాదు కదా."

"కిటికీ ఉందనుకుని పెట్టింది."

నేను ఫోనులో విన్నదంతా చెప్పాను. కొడుకు ఏమన్నాడో, మాస్టారిని ఎక్కడికి తీసుకుపోతానన్నాడో, మన తలుపు బాగుచేయిస్తానని ఆ పిల్ల నాతో ఎలా అందో చెప్పాను. ఆయన బ్లేడు ఆగింది. మనం అద్దె కాగితాల మీద సంతకాలు పెట్టిన మనుషులమనీ, ఇది తెలిస్తే ఎవడూ ఊరుకోడనీ, మనం తినేది ఈ అద్దెలేననీ, ఈ వయసులో తాను కోర్టు మెట్లెక్కలేననీ అన్నారు. ఆయన అన్నవన్నీ పొద్దున్నుంచీ నేను నాకు చెప్పుకున్నవే. నా నోట్లో ఉన్నంతసేపూ అవి న్యాయంగానే ఉన్నాయి. ఆయన నోట వింటుంటే ఒళ్ళు మండింది.

"బతికాడు కదే," అన్నారు చివరికి. "ఇంకెందుకు తవ్వుకోవడం?"

"ఆయన బతికారు. ఆ పిల్లని మనం చంపుతున్నాం."

నిచ్చెన వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగాను. ఆయన కిందికి చూశారు. మా పెళ్ళయ్యాక ఆయన నన్ను చూసి భయపడటం అదే మొదటిసారి. కోపమనుకున్నారేమో, కాదు. పట్టుకోవడం నావల్ల కాలేదు, అంతే.

షీటు ఊడదీసి, దాన్ని చంకలో పెట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగారు. బకెట్ పక్కన నేలమీదే కూర్చుండిపోయారు. గీజర్ డబ్బాలో కాగితం ఉందనీ, కిటికీ తెరిచి ఉండాలని అందులో రాసుందనీ, తాను చదివాననీ చెప్పారు.

"చదివి తలెత్తి చూశాను. వెలుతురు కనబడింది. కిటికీ ఉంది కదా అనుకున్నా," అన్నారు. "నేను మూసిన కిటికీయే. నేనే మూశాను."

ఆసుపత్రికి రమ్మన్నాను. తలూపి, లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. నాకు నోరు రాదు, నువ్వే చెప్పు అన్నారు. ఆ క్షణాన నాకు ఆయన మీద జాలీ కోపమూ రెండూ వచ్చాయి, ఏది ఎక్కువో చెప్పలేను. మాస్టారి బట్టలు సంచీలో పెట్టుకుని, ఆ షీటు తీసుకుని ఆటో ఎక్కాను. మూరెడు వెడల్పు కూడా లేదది. అంచుల్లో ఎండిన జిగురు, జిగురులో ఒక పావురం ఈక.

కోడలమ్మాయి అదే బెంచీ మీద ఉంది. నా చేతిలో షీటు చూసి ఏమిటన్నట్టు చూసింది. పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. పావురాల సంగతీ, షీటు సంగతీ, గీజర్ సంగతీ వరసగా చెప్పుకుపోయాను. మీ స్నానాలగదికి కిటికీ లేదమ్మా, మూడేళ్ళ కిందటే మూసేశాం, ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే నీకు చెప్పాల్సింది, చెప్పలేదు, అన్నాను. ఆ మంట పెట్టింది మేము, గాలి మూసింది మేము, అన్నాను. మా ఆయన ఇందాక ఏం చేయబోయారో కూడా దాచలేదు.

ఆమె షీటు తీసుకుని కిటికీ వైపు ఎత్తి పట్టింది. వెలుతురు దాంట్లోంచి తెల్లగా ఆమె ముఖం మీద పడింది. తర్వాత దాన్ని బెంచీకి ఆనించి, ఫోనులో మొగుడి నంబరు నొక్కి నాకిచ్చింది.

నేను అతనికి కూడా అంతా మొదటినుంచీ చెప్పాను. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చెప్పడం అయ్యాక మాత్రం తిట్టాడు. ఎదురుగా నిలబెట్టి తిట్టినట్టే తిట్టాడు, కేసు పెడతానన్నాడు. పెట్టు నాయనా అన్నాను. చివరికి అతని గొంతు తగ్గింది. తనుందా అక్కడ, ఒకసారి ఇవ్వండి అన్నాడు. నేను ఫోను ఆమెవైపు చాచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత మాట్లాడుతుందట అని చెప్పి పెట్టేశాను.

చెప్పేశానన్న తేలిక ఒకటి వచ్చింది నాకు. తప్పు ఒప్పుకున్న మనిషిని కదా, ఆ పిల్ల ఏడుస్తుందనీ, నా చెయ్యి పట్టుకుంటుందనీ కూడా లోపలెక్కడో ఎదురుచూశాను. అబద్ధమాడను, ఎదురుచూశాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అంది ఆమె.

నాకు మొదట అర్థం కాలేదు.

"కిటికీ మూసుందని. ఇంటికెళ్ళాక అంకుల్ చెబితే తెలిసిందా?"

అలాగే అనేయొచ్చు. నా నోటికి అంత తేలికైన మాట ఆమే అందిస్తోంది. నేను సంచీ తాడు వేళ్ళకి చుట్టుకున్నాను.

"కాదమ్మా. తలుపు పగలగొట్టి లోపలికెళ్ళినప్పుడే," అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. ఎదురుగా గోడ వైపు చూస్తూ, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు వేళ్ళు ముడిచింది.

"ఆయన నన్ను ఫోనులో అన్నేసి మాటలంటుంటే మీరు ఇక్కడే, నా పక్కనే కూర్చునున్నారు కదా పిన్నిగారూ," అంది. గొంతులో కోపం లేదు.

ఔనన్నాను.

ఆమె నా వేళ్ళకున్న తాడు మెల్లగా విప్పి, మాస్టారి బట్టల సంచీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.